కడుపులో పురుగులకి మందు వేసినా పిల్లి తోక దగ్గర బియ్యపు గింజల్లాంటివి మళ్లీ ఎందుకు కనిపిస్తాయి?

అవి పేగుల్లో ఉండే బద్దెపురుగు (టేప్‌వార్మ్) ముక్కలు; పిల్లి ఒంటి మీద ఫ్లీలు (గెంతే చిన్న గోధుమరంగు పురుగులు) ఉన్నంతకాలం అవి మళ్లీ వస్తూనే ఉంటాయి. తాజా ముక్క కొద్దిగా కదులుతుంది, ఎండితే నువ్వుగింజలా పడక గుడ్డకి అతుక్కుంటుంది.

బద్దెపురుగు గుడ్లను ఫ్లీ పిల్లపురుగులు తింటాయి. పెద్దయిన ఫ్లీని, ఒళ్లు నాక్కునేటప్పుడు పిల్లి మింగేస్తుంది. ఒకటో తారీఖున మందు వేశారనుకోండి. నాలుగో తారీఖున ఇంకో ఫ్లీ కడుపులోకి వెళితే నెలాఖరుకి మళ్లీ గింజలు కనిపించవచ్చు. మందు పనిచేసింది, కానీ అది లోపలున్న పురుగునే చంపుతుంది, రాబోయేదాన్ని ఆపదు.

ఇంకో చిక్కు: ఏలికపాములకిచ్చే పైరాంటెల్ బద్దెపురుగు మీద పనిచేయదు. దీనికి ప్రాజిక్వాంటెల్ కావాలి, మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి.

ఫ్లీలు కనిపించకపోతే పిల్లిని దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి తెల్లగుడ్డ మీద వేయండి. ఎర్రగా మరక దిగితే అవి ఫ్లీల రెట్టలే, అంటే పిల్లి రక్తమే. ఇంట్లో ఉన్న పిల్లులూ కుక్కలూ అన్నిటికీ కలిపి చికిత్స చేయించాలి, పడక గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి.

చాలామంది చేసే తప్పు, కుక్కల ఫ్లీ మందునే కొంచెం తగ్గించి పిల్లికి వేయడం. కుక్కల మందులు కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం: వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు.