వీగన్లు గుప్పెడు మందే కదా, వాళ్ల కోసం హోటళ్లు, షాపులు ఎందుకు మారుతున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసినవాళ్లు మన ఊళ్లలో వెతికితే నలుగురు దొరకరు. అయినా సూపర్ మార్కెట్లో వాళ్లకో అర, మెనూ కార్డులో వాళ్లకో గుర్తు. ఇదంతా ప్రచారమేనా, నిజంగా వాళ్ల ప్రభావం ఉందా అని అడిగారు.

ఉంది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూసినవాడిగా చెబుతున్నాను. కొండాపూర్ వైపు చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. అంతకుముందు 2018 నుంచి 2020 దాకా ఇంగ్లండులోని లెస్టర్‌లో చదువుకుంటూ, అక్కడ ఒక సౌతిండియన్ హోటల్ వంటింట్లో పార్ట్‌టైమ్ చేశాను. నేను వీగన్‌ని కాను, మా ఇంట్లో పెరుగన్నం లేనిదే భోజనం ముగియదు.

లెస్టర్ సంగతి ముందు చెబుతాను. 2019 జనవరిలో గ్రెగ్స్ అని అక్కడి బేకరీ షాపుల సంస్థ వీగన్ సాసేజ్ రోల్ తెచ్చింది. మనకు కర్రీ పఫ్ ఎలాగో వాళ్లకు సాసేజ్ రోల్ అలాగ, కూలీ నుంచి ఆఫీసరు దాకా అందరూ తినేది. టీవీ వ్యాఖ్యాత పియర్స్ మోర్గన్ దాన్ని ట్విట్టర్లో తిట్టిపోశాడు. ఆ తిట్లతోనే దేశమంతా పేరు పాకి, చాలాచోట్ల తెచ్చిన సరుకు తెచ్చినట్టే అయిపోయింది. ఆ ఏడాది లాభాలు ఎంత బాగున్నాయంటే, మరుసటి జనవరిలో ఉద్యోగులకు మొత్తం 70 లక్షల పౌండ్ల బోనస్ పంచారు. అదంతా ఒక్క రోల్ వల్లే అనను. కానీ ఆ వారం మా హోటల్ యజమాని కౌంటర్ దగ్గర నిలబడి ఆ వార్త రెండుసార్లు చదవడం నేను చూశాను. చదివి లోపలికొచ్చి, "మన మెనూలో సగం ఎప్పటినుంచో వీగనే కదయ్యా, మనమెందుకు చెప్పుకోవడం లేదు?" అన్నాడు.

సాదా దోశ, ఇడ్లీ, వడ, సాంబారు, పులిహోర. దోశ మీద నెయ్యి బదులు నూనె, సాంబారు పోపులోనూ నూనె. ఈ రెండూ మార్చి, మెనూలో ఆ పేర్ల పక్కన చిన్న ఆకు బొమ్మ వేయించాడు. కొత్త వంటకం ఒక్కటీ పెట్టలేదు. నెల తిరిగేసరికి శుక్రవారం రాత్రుళ్లు ఎనిమిదిమంది, పదిమంది కలిసి వచ్చే బల్లలు పెరిగాయి. ఫోన్ చేసి బుక్ చేసేది ఒకమ్మాయి. "మా గుంపులో ఒకరు వీగన్, ఏమైనా దొరుకుతుందా?" అని అడిగేది. దొరుకుతుందంటే ఎనిమిదిమందీ వచ్చేవారు, మిగిలిన ఏడుగురూ చికెన్ చెట్టినాడు, పనీర్ దోశ తినేవారు. దొరకదంటే ఆ ఎనిమిదిమందీ పక్క వీధికి పోయేవారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. హోటల్ వ్యాపారంలో లెక్క తలలతో కాదు, బల్లలతో. తినలేని ఒక్కరే బల్ల మొత్తానికి హోటల్ ఎంచుతారు. దీన్ని అక్కడ వీటో ఓటు అంటారు.

మనకు ఇది కొత్తేమీ కాదు. కార్తీకం వచ్చి అయ్యప్ప మాలలు పడగానే మన హోటళ్లు ఏం చేస్తాయో చూడండి. ఉల్లి, వెల్లుల్లి లేని కూర, వేరే గిన్నెలు, గోడకు "స్వాములకు ప్రత్యేక భిక్ష" అని బోర్డు. ఊళ్లో మాల వేసుకునేది ఎంతమంది? అయినా ఒక్క స్వామి ఉన్న ఇంటివాళ్లు బయట తినాలంటే ఇంటిల్లిపాదీ అటే వస్తారు. బేగంబజార్ చుట్టుపక్కల జైనుల కోసం ఉల్లిగడ్డ, ఆలుగడ్డ లేకుండా చేసి పెట్టేదీ ఇందుకే. వీగన్లు ఆ దారిలోనే వచ్చారు. తేడా ఒక్కటే, మాల నలభై ఒక్క రోజులు, వీళ్లది ఏడాది పొడుగునా.

పైగా వీళ్లు ఒంటరిగా లేరు. పాలు పడక కడుపు ఉబ్బరంతో బాధపడేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు సిద్ధాంతం కోసం కాదు, ఒంటి కోసం అడుగుతారు. ఇద్దరూ అడిగేది ఒకటే వస్తువు. స్టార్‌బక్స్ అనే కాఫీ షాపుల సంస్థ, కాఫీలో ఓట్స్ పాలు, సోయా పాలు పోసినందుకు వేసే అదనపు ఛార్జీని బ్రిటన్‌లో 2022 జనవరిలోనూ, అమెరికాలో 2024 నవంబరులోనూ తీసేసిందంటే, దాని వెనక ఈ ఇద్దరి ఒత్తిడీ ఉంది.

ఇప్పుడు నా హోటల్ సంగతి. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ మనసు బాగుండదు.

పక్క వీధి హాస్టల్లో ఉండే ఒకమ్మాయి రోజూ పొద్దున ఏడున్నరకు వచ్చేది. వచ్చిన మొదటి వారమే అడిగింది, "అన్నా, మైసూర్ బజ్జీలో పాలు, నెయ్యి ఏమీ ఉండవు కదా?" నేను చిల్లర లెక్కపెడుతూ, తలెత్తకుండానే, "ఉండవమ్మా, మైదా, నూనె, అంతే" అన్నాను. మూడు నెలలు తిన్నది. ఒక ఆదివారం రద్దీ ఎక్కువై, వంటింటి తలుపు తీసిపెట్టి ఉంచాం. ఆ అమ్మాయి ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి తింటోంది. లోపల కుర్రాడు మైదా బేసిన్లో పెరుగు ప్యాకెట్లు ఒకటి తర్వాత ఒకటి కత్తిరించి పోస్తున్నాడు. ఆ అమ్మాయి చూసింది. నోట్లో ఉన్నది మింగలేక, ఉమ్మలేక అలాగే నిలబడిపోయింది. ప్లేటు మెల్లగా బల్ల మీద పెట్టి నా దగ్గరకొచ్చింది. అరవలేదు. "పెరుగు కూడా పాలే కదన్నా" అంది. డబ్బులిచ్చేసి వెళ్లిపోయింది.

నేను కావాలని అబద్ధం చెప్పలేదు. మైసూర్ బజ్జీలో పుల్లపెరుగు పడుతుందని నాకు తెలుసు, అడిగినప్పుడు గుర్తు రాలేదు. పాలు, నెయ్యి అన్న మాటలే చెవిన పడ్డాయి. కానీ ఒక మనిషి తన నియమాన్ని నా మాట మీద ఉంచింది, నేను తలెత్తి చూడనైనా లేదు. ఆ రోజంతా గల్లాపెట్టె దగ్గర కూర్చోలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం మాస్టర్‌ని కూర్చోబెట్టుకుని మా వంటలన్నీ ఒక్కొక్కటే రాశాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషి, ఇరవై ఏళ్లుగా పెనం ముందే ఉన్నాడు. రాస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఇడ్లీ, గారె, పునుగులు, పెసరట్టు, పల్లీ చట్నీ, అల్లం పచ్చడిలో ఏమీ లేదు. ఉప్మాలో దించేముందు ఒక గరిటె నెయ్యి. రవ్వ దోశ పిండి మజ్జిగతో పలచన చేస్తాం. కాకరకాయ చేదు పోవడానికి మజ్జిగలో ఉడికిస్తాం. బెండకాయ జిగురు పోవడానికి ఒక చెంచా పెరుగు. సొరకాయ కూరలో పాలు. పప్పులో నంజుకునే చల్ల మిరపకాయల పేరులోనే చల్ల ఉంది, అది కూడా ఎవరికీ తట్టలేదు! మేము కొనే బ్రెడ్డు ప్యాకెట్ తిప్పి చూస్తే పాలపొడి. మన వంట సగానికి పైగా పాలతో పనిలేనిదే, ఆ మిగతా సగంలో మాత్రం పాలు కంటికి కనపడని చోట దాక్కుంటాయి.

పెనం సంగతి ఇంకో తలనొప్పి. నెయ్యి కారం దోశ వేసిన పెనం మీదే, సగం కోసిన ఉల్లిపాయతో తుడిచి, నూనె దోశ వేస్తాం. ఆ ఉల్లిపాయకే నెయ్యి అంటుకుని ఉంటుంది. ఇప్పుడు ఉన్న రెండు పెనాల్లో ఒకటి నూనెకే వదిలేశాం. దానికి వేరే ఉల్లిపాయ, వేరే అట్లకాడ. రద్దీలో కుర్రాళ్లు మరిచిపోకుండా ఆ అట్లకాడ పిడికి ఎర్ర టేపు చుట్టాం.

మైసూర్ బజ్జీ దగ్గర మాస్టర్ మొండికేశాడు. "పెరుగు లేని మైసూర్ బజ్జీ ఏంటి బాబూ, జనం నవ్వుతారు" అన్నాడు. మొదటి రోజు సోడా ఎక్కువేస్తే సబ్బు వాసన. రెండో రోజు నిమ్మరసంతో చేస్తే పైన కరకర, లోపల గట్టి. మూడో రోజు తనంతట తనే బాగా పులిసిన దోశ పిండి రెండు గరిటెలు మైదాలో వేసి, చేత్తో పావుగంట గిలక్కొట్టి, నాలుగు గంటలు నాననిచ్చాడు. లోపల జల్లెడలా గుల్లగా వచ్చింది. పెరుగు వేసినదానంత పులుపు లేదు, కానీ పల్లీ చట్నీలో ముంచితే ఎవరూ తేడా పట్టలేదు. ఇప్పుడు మేము చేసేది అదొక్కటే, పెరుగు ఖర్చు కూడా తగ్గింది.

గోడ మీద బోర్డు పెట్టాం. పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి పడనివి ఒక వరుస, పడేవి ఒక వరుస. "వీగన్" అని రాయలేదు, ఆ మాట తెలియని పెద్దవాళ్లకు కూడా పనికి రావాలని. హాస్టల్ వార్డెన్ ద్వారా ఆ అమ్మాయికి కబురు పంపాను. మూడు వారాల తర్వాత వచ్చి బోర్డు మొత్తం చదివి, "అన్నా, తేనె ఎక్కడైనా వాడతారా?" అని అడిగింది. ఈసారి లోపలికెళ్లి మాస్టర్‌ని కనుక్కుని వచ్చి చెప్పాను. తర్వాత ఆ అమ్మాయి ఆఫీసులో నలభైమందికి టిఫిన్లు మా దగ్గరే చెప్పించింది. వాళ్లలో పాలు ముట్టనివాళ్లు ఇద్దరే.

షాపుల విషయం కూడా అడిగారు. మన ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. కానీ పాలు మన చట్టంలో శాకాహారమే కాబట్టి ఆ చుక్క వీళ్లకు అక్కరకు రాదు. అందుకే 2022లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు, ఆకు తొడిగిన ఆకుపచ్చ 'వీ' గుర్తు తెచ్చింది. ఒక దేశం తన గుర్తుల పట్టికలో కొత్త గుర్తు చేర్చిందంటే అది చిన్న ప్రభావం కాదు. ఒక్క హెచ్చరిక. పాల ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లు ఆ గుర్తు ఒక్కటే చూసి నమ్మవద్దు. అదే యంత్రం మీద పాల సరుకు కూడా తయారై ఉండొచ్చు, ఎలర్జీ వివరాలు విడిగా చదవాల్సిందే.

అయితే అన్నీ నిలబడలేదు. మొక్కల నుంచి మాంసం చేసే బియాండ్ మీట్ షేరు 2019 మేలో 25 డాలర్లకు మార్కెట్లోకి వచ్చి, జులైలో 200 దాటి, 2023లో పది డాలర్ల కిందికి పడింది. న్యూయార్క్‌లో ఎలెవెన్ మాడిసన్ పార్క్ అనే పేరుమోసిన రెస్టారెంట్ 2021లో పూర్తిగా మొక్కల వంటకు మారి, 2025లో మళ్లీ మాంసం తెచ్చింది. నా పాఠం కూడా అదే దారిలో ఉంది. పల్లీలు రుబ్బి పాలు తీసి, పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టి పల్లీ పెరుగు చేశాను. తోడుకుంది, ఆ మజ్జిగ ఎవరూ రెండోసారి అడగలేదు. పాలవాటికి నకలు చేసినప్పుడు జనం పోల్చి చూసి పక్కన పెట్టారు. మనకు ముందే ఉన్న పులిహోర, పెసరట్టు, పల్లీ చట్నీని నిజాయితీగా చూపించినప్పుడు నిలబడింది.

మా అమ్మకు ఇదంతా నచ్చదు. తెనాలి దగ్గర మా ఇంట్లో ఇప్పటికీ రెండు గేదెలున్నాయి. నా ఫీజు కొంత ఆ పాల డబ్బే. "కూతుళ్లలా చూసుకుంటాం కదరా, అందులో తప్పేముంది?" అని అడిగింది. చూసుకుంటుంది, అది నిజం. కానీ మగదూడ పుడితే మా ఊళ్లో ఎన్నాళ్లు ఉంచుతారో నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. ఆ హాస్టల్ అమ్మాయిలాంటి వీగన్లు అడిగేది ఆ దూడ గురించి. అమ్మ పక్షాన మాట్లాడలేను, అమ్మకు ఎదురు చెప్పలేను.

చివరగా, మీరే వీగన్ అయితే టిఫిన్ సెంటర్లో "నెయ్యి ఉందా?" అని మాత్రమే అడగకండి. పెరుగు, మజ్జిగ, పాలపొడి పేరు పెట్టి అడగండి, వీలైతే మాస్టర్‌నే అడగండి. మా దగ్గర ఇంకా తేలనిది టీ. సోయా పాలు పోస్తే అల్లం టీ విరిగిపోతోంది, ఓట్స్ పాలు పోస్తే కప్పు ధర ముప్పై దాటుతోంది. ప్రస్తుతానికి బెల్లం, అల్లం, నిమ్మ వేసిన డికాషన్ పోస్తున్నాం. విరగకుండా టీ పెట్టే పద్ధతి మీలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, రేపే మాస్టర్ చేత చేయించి చూస్తాను.