తక్కువ ఖర్చులో ఫ్రెట్‌లెస్ బేస్: డబ్బు దేనిమీద పెట్టాలి?

బరంపురంలోనే ఫ్రెట్‌లెస్ బేస్ (మెడ మీద ఫ్రెట్లు, అంటే అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, లేని బేస్ గిటార్) చేయించుకుంటున్నాను, ఏ పార్టు మీద ఎక్కువ పెట్టాలి అని అడిగారు. నెక్ మీద, అంటే గిటార్ మెడ మీద పెట్టండి. ఫ్రెట్లు లేవు కాబట్టి తీగ నేరుగా చెక్కనే ఒరుసుకుంటుంది. ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్లతో తీగలు నొక్కే చెక్క) గట్టిగా, ఎత్తుపల్లాల్లేకుండా ఉండాలి. మన సముద్రపు తేమకి నెక్ వంగుతుంది, రెండువైపులా తిప్పగల ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి లోహపు కడ్డీ) ఉన్నదే తీసుకోండి. స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాలైతే తీగలకి వెతుక్కోనక్కర్లేదు. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు మీద రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రటి తీగ చుట్టిన గరుకువి) గీతలు పెడతాయి. ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టిన నున్నటివి) ఖరీదెక్కువే, కానీ ఏళ్లతరబడి మన్నుతాయి. నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే చిన్న పట్టీ) గాడి లోతుగా కోయించండి, తీగ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. బాడీని ఊళ్లో వడ్రంగి బాగా ఎండిన చెక్కతో చేసినా సరే, నెక్ కూర్చునే గుంట మాత్రం బిగుతుగా కుదరాలి. పికప్పులు (తీగల కదలికని విద్యుత్ సంకేతంగా మార్చేవి) తర్వాత మార్చుకోవచ్చు.