బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రా, అమ్మాయి వయొలిన్: డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. మావారికి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల బయల్దేరుతున్నాం. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఆరో ఏట నుంచి చిక్కడపల్లిలో మాస్టారి దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది, వర్ణాలు అయ్యాయి. ఆ ఊళ్ళో పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రా ఉందట కదా. పెద్దయ్యాక అందులో చేరాలంటే ఏం చేయాలి? మంచి వయొలిన్ ఇక్కడే కొని తీసుకురమ్మంటారా?

జవాబు: చెల్లెమ్మా, రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. కొనకండి. ఆ వయసు పిల్లలు చాలామంది ముప్పావు సైజు మీదే ఉంటారు. ఏడాదో రెండేళ్ళో తిరిగేసరికి చెయ్యి పెరిగి పూర్తి సైజుకు మారాలి. కోఠిలో వేలు పోసి కొన్నది అప్పుడు అటకెక్కుతుంది. ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో పిల్లల వయొలిన్లు నెలవారీ అద్దెకు దొరుకుతాయి, సైజు మారితే మార్చి ఇస్తారు. బళ్ళలో సంగీతం నేర్పే సర్వీసుల దగ్గరా అరువుకు ఉంటాయి. పూర్తి సైజు కొనే రోజు వచ్చినప్పుడు, ప్రభుత్వ బళ్ళో చదువుతూ అక్కడే పాఠాలు నేర్చుకునే పిల్లలకు వ్యాట్ లేకుండా కొనే పథకం ఉంది. బడి ఆఫీసులో అడగండి. మనవాళ్ళలో చాలామంది అడగరు, పూర్తి ధర కట్టేసి వస్తారు.

ఇప్పుడున్న వయొలిన్నే తెచ్చేట్లయితే, కేసు పొడవు కేబిన్ కొలత దాటుతుంది కాబట్టి విమాన సంస్థ నుంచి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తీగలు కొద్దిగా వదులు చేయండి, పూర్తిగా విప్పకండి. పూర్తిగా విప్పితే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబెట్టిన సౌండ్‌పోస్టు కూడా పడిపోవచ్చు. చలికాలంలో ఇక్కడ ఇళ్ళల్లో హీటింగ్ వల్ల గాలి బాగా పొడిబారుతుంది. చెక్క ముడుచుకుని బిరడాలు జారతాయి, అతుకులు విడుతాయి. రేడియేటర్ పక్కన ఎప్పుడూ పెట్టొద్దు. కేసులో తేమ ఇచ్చే చిన్న ట్యూబు ఒకటి వేస్తే చాలు.

ఇక శ్రుతి. మాస్టారు స-ప-స-ప కట్టి ఉంటారు, అదీ ఇక్కడి స్థాయికన్నా బాగా కింద. ఇక్కడ నాలుగు తీగలూ జి-డి-ఎ-ఇ, ఎ తీగ 440 హెర్ట్జ్. పాత వయొలిన్నే ఇక్కడి పాఠానికీ వాడేట్లయితే, వచ్చిన రోజే నాలుగింటినీ ఒక్కసారి బిగిస్తే పై తీగ తెగుతుంది, బ్రిడ్జి ముందుకు వంగుతుంది. కొత్త తీగల సెట్టు వేసి, రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతిసారీ బ్రిడ్జి నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. పట్టే తీరు కూడా మారుతుంది. మన పిల్లలు కింద కూర్చుని, వాద్యం తలను కాలి చీలమండ దగ్గర ఆనించి వాయిస్తారు. ఇక్కడ భుజానికీ గడ్డానికీ మధ్య పట్టుకోవాలి, వయొలిన్ కింద తగిలించే ఆసరా, షోల్డర్ రెస్టు కావాలి. దానికి అయ్యే ఖర్చు తక్కువే. మొదటి ఆరు నెలలు మంచి టీచర్‌కు పెట్టే ఖర్చే అసలు ఖర్చు, అక్కడ మాత్రం పొదుపు చేయకండి.

ఇప్పుడు ఆర్కెస్ట్రా సంగతి. సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్ సింఫనీ ఆర్కెస్ట్రా (సీబీఎస్‌ఓ) పుట్టిందే ఊరి డబ్బుతో. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన నెవిల్ చాంబర్లిన్ ఈ నగర మేయర్‌గా ఉన్నప్పుడు, పన్నుల సొమ్ముతో ఊరికి సొంత ఆర్కెస్ట్రా ఉండాలని పట్టుబట్టాడు. 1920 నవంబరులో టౌన్ హాల్లో స్వరకర్త ఎల్గార్ స్వయంగా కచేరీ నడిపాడు. అయినా వాద్యకారులకు ఏడాది పొడుగునా జీతం వచ్చింది 1944 నుంచే. అంతకుముందు సీజను అయిపోతే ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. 1962లో స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రాసిన వార్ రిక్వియమ్ అనే కృతిని కోవెంట్రీ కేథడ్రల్‌లో తొలిసారి వాయించింది వీళ్ళే. 1980 నుంచి 1998 దాకా సంగీత నిర్దేశకుడు సైమన్ రాటిల్ దీన్ని ప్రపంచం వినేలా చేశాడు. 1991లో వీళ్ళ కచేరీలకు సింఫనీ హాల్ వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నా, నగర కౌన్సిల్ ఖజానా ఖాళీ అయి 2024 ఫిబ్రవరిలో కళా సంస్థల సాయాన్ని ఆ ఏడాది సగానికి, ఆ పై ఏడాది సున్నాకు తెస్తామని ప్రకటించింది. ఆర్కెస్ట్రా ఇప్పుడు టికెట్లు, దాతలు, ప్రభుత్వ సొమ్మును కళలకు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ నిధుల మీద నడుస్తోంది. పిల్ల భవిష్యత్తు లెక్క వేసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

ఇక ఉద్యోగం. ఈ ఆర్కెస్ట్రాలో వాద్యకారులకు జీతం, పెన్షన్ ఉంటాయి. లండన్‌లోని పెద్ద ఆర్కెస్ట్రాలు కొన్నింటిలో అదీ లేదు, వాయించిన రోజుకే డబ్బు. ఖాళీ అంటూ వస్తేనే ఆడిషన్. వయొలిన్‌కైతే మోత్సార్ట్ కాన్సెర్టో (ఒక్కరు ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే కృతి) మొదటి భాగం, తర్వాతి కాలపు పెద్ద కాన్సెర్టో ఒకటి, వాటి తర్వాత ఆర్కెస్ట్రా కృతుల్లోంచి కష్టమైన ముక్కలు: స్ట్రాస్ డాన్ హువాన్ మొదటి పేజీ, షూమన్ రెండో సింఫనీ స్కెర్జో వంటివి. అందులో నెగ్గినవాళ్ళను ట్రయల్ అని నెలల తరబడి తమతో వాయింపించి చూస్తారు. ఆ నెలల్లో వాళ్ళు చూసేది ఒంటరి ప్రతిభను కాదు. పెద్ద కృతికి 16 మంది ఫస్ట్ వయొలిన్లు ఉంటారు, ఆ పదహారు కమానులూ ఒకే దిక్కుకు కదలాలి. వాళ్ళలో మొదటి కుర్చీలో ఉండే లీడరు నిర్ణయించిన బోయింగ్‌ను, అంటే ఎక్కడ కమాను ఎటు లాగాలన్న గుర్తులను, అందరూ పెన్సిల్‌తో రాసుకుంటారు. రిహార్సల్స్ రెండు మూడు రోజులే, పూట మూడు గంటలు. చూసి వెంటనే వాయించడం రాకపోతే అక్కడ నిలవలేరు.

మన పిల్లలు వెనకబడేది సరిగ్గా ఇక్కడే. చెవి గట్టిది, లయ గట్టిది, ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య నోటేషన్ (స్టాఫ్ నోటేషన్) చదవడం మాత్రం రాదు. స్వరం నుంచి స్వరానికి జారే అలవాటు వర్ణానికి అందం, పదహారు మంది మధ్యలో అదే అపశ్రుతి. కాబట్టి రోజూ పావుగంట ఇంతకుముందు చూడని పేజీ చదివించండి. బయల్దేరే లోపు హైదరాబాద్‌లోనే స్టాఫ్ నోటేషన్ పాఠాలు మొదలుపెట్టినా మంచిదే. ఏబీఆర్‌ఎస్‌ఎం, ట్రినిటీ అనే సంగీత పరీక్షా బోర్డుల సర్టిఫికెట్లు ఏవైనా ఉంటే తెచ్చుకోండి. ఆ పరీక్షల్లో పై మెట్లయిన గ్రేడ్ 6 నుంచి 8 వరకు ఇక్కడ యూనివర్సిటీ ప్రవేశానికి పాయింట్లు కూడా వస్తాయి.

ఖర్చు లేని దారి ఒకటుంది. 2023లో వెస్ట్ బ్రామిచ్‌లో ఈ ఆర్కెస్ట్రాతో కలిసి ప్రభుత్వ హైస్కూల్ తెరిచారు, షైర్‌ల్యాండ్ సీబీఎస్‌ఓ అకాడమీ. ఫీజు లేదు. మన బాలాజీ గుడి ఉన్న టివిడేల్‌కు దూరమేమీ కాదు. ప్రవేశ నియమాలు, తేదీలు వాళ్ళ సైట్‌లో చూసుకుని, ఇల్లు అద్దెకు తీసుకునే ముందే అడగండి. ఇల్లు కుదిరాక బడి వెతికేవాళ్ళు రెండుసార్లు సామాను మోస్తారు. కొంచెం పెద్దయ్యాక ఆర్కెస్ట్రా వారి యూత్ ఆర్కెస్ట్రాకు ఆడిషన్ ఇవ్వొచ్చు, దాదాపు గ్రేడ్ 8 స్థాయి ఉండాలి. రాయల్ బర్మింగ్‌హామ్ కన్సర్వటోయిర్ అనే సంగీత కళాశాలలో శనివారాల జూనియర్ విభాగం ఉంది. ఫీజు గట్టిదే, బర్సరీకి (ఫీజు సాయానికి) దరఖాస్తు పెట్టకుండా కట్టొద్దు.

స్టూడెంట్ వీసా మీద వచ్చే బంధువుల పిల్లలుంటే ఒక మాట చెప్పండి. పెళ్ళిళ్ళలో, ఫంక్షన్లలో డబ్బు తీసుకుని వాయించడం ఆ వీసాకు కుదరదు. నాలుగు పౌండ్లకు వీసాను పణంగా పెట్టొద్దు.

వచ్చిన మొదటి నెలలోనే పిల్లను సింఫనీ హాల్‌కు తీసుకెళ్ళండి. విద్యార్థులకు, చిన్నవాళ్ళకు తక్కువ ధర టికెట్లు ఏమున్నాయో బుకింగ్‌లో చూడండి. ఖరీదైన ముందు వరుస అక్కర్లేదు. ఆర్కెస్ట్రా మొత్తం కనిపించే పై వరుసల్లో కూర్చుంటే కమానులన్నీ కలిసి కదలడం పిల్లకు కళ్ళారా తెలుస్తుంది.

చిక్కడపల్లి మాస్టారి పాఠం మానిపించకండి. స-ప-స-పకు కట్టిన పాత వయొలిన్ దానికే ఉంచి, ఇక్కడి అద్దె వాద్యం ఇక్కడి పాఠానికి వాడితే రోజూ శ్రుతి మార్చే బాధ ఉండదు. ఆన్‌లైన్ క్లాసు ఆదివారం పెట్టించుకోండి, శనివారాలు ఇక్కడి సంగీతానికి పోతాయి. మార్చి చివరి నుంచి అక్టోబరు చివరిదాకా హైదరాబాద్ మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది, మిగతా రోజుల్లో ఐదున్నర. గడియారం మారిన వారం మాస్టారికి ముందే ఫోన్ చేసి చెప్పండి.