సంక్రాంతికి వద్దు అల్లుడూ, ఫిబ్రవరిలో వెళ్లండి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వినాయక చవితి నాడు నువ్వు ఫోన్లో చెప్పిన ప్లాన్ విన్నప్పటి నుంచి మీ అత్తయ్యా నేనూ దాని గురించే మాట్లాడుకుంటున్నాం. కెనడాలోని ఒంటారియోలో, లేక్ టెమగామి అనే సరస్సులో, దీవి మీద కాటేజ్ కొన్నారు. చాలా సంతోషం. డిసెంబరులో మీ అమ్మ వస్తోంది కాబట్టి సంక్రాంతికి అందరూ స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) మీద వెళ్లి అక్కడే భోగిమంట వేసుకోవాలన్నది మీ కోరిక. "ట్రైల్ పర్మిట్ తీసుకుంటే సరిపోతుంది కదా మావయ్యా" అన్నావు. సరిపోదు నాయనా. ఫోన్లో గబగబా చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ చదవండి.

ముందు ఆ పర్మిట్ సంగతి చూద్దాం. ఒంటారియోలో ఊళ్లను కలుపుతూ పోయే స్నోమొబైల్ ట్రైల్స్‌ని, అంటే మంచు దారుల్ని, చూసుకునేది ఓఎఫ్‌ఎస్‌సీ అనే సమాఖ్య. దాని కింద ఊరూరా క్లబ్బులు ఉన్నాయి. క్లబ్బుల్లో పని చేసేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లే. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రిపూట మంచులోకి వెళ్లి దారికి అడ్డంగా పడ్డ చెట్లు కోసి, బోర్డులు పాతి, గ్రూమర్‌తో ట్రైల్ చదును చేసేది వాళ్లే. నువ్వు కట్టే పర్మిట్ డబ్బు ఆ పనికే వెళ్తుంది. అందుకే దాన్ని దండగ ఖర్చు అనుకోవద్దు. పర్మిట్ మనిషికి కాదు, బండికి ఇస్తారు. రెండు బండ్లు కొంటే రెండు పర్మిట్లు తీసుకోవాలి. నువ్వు ఇక్కడ లేనప్పుడు నీ ఫ్రెండ్ వాడి బండి మీద నీ పర్మిట్ పెట్టుకుని తిరగడం కుదరదు. నవంబరు రాకముందే కొంటే ధర తక్కువ. మంచు పడ్డాక కొంటే బాగా ఎక్కువవుతుంది. ఏడాదికి ఒక్కసారే వెళ్లేవాళ్ల కోసం కొద్ది రోజుల పర్మిట్లు కూడా ఉన్నాయి. 1999 మోడల్ గానీ, అంతకన్నా పాత బండి గానీ అయితే క్లాసిక్ పర్మిట్ చవగ్గా దొరుకుతుంది. నీకు ఎవరో పాత బండి అమ్ముతానన్నారని చెప్పావు కదా, అది ఏ ఏడాదిదో కనుక్కో.

పర్మిట్ ఉన్నంత మాత్రాన ట్రైల్ తెరిచి ఉన్నట్టు కాదు. ఓఎఫ్‌ఎస్‌సీ ఆన్‌లైన్ మ్యాపులో ప్రతి ట్రైల్‌కీ ఒక రంగు ఉంటుంది. పచ్చ అంటే వెళ్లొచ్చు, పసుపు అంటే వెళ్లొచ్చు గానీ పరిస్థితి అంతంత మాత్రం, ఎరుపు అంటే మూసేశారు. ఎర్రగా ఉన్న ట్రైల్ మీద పర్మిట్ ఉన్నా వెళ్లకూడదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ ట్రైల్స్ చాలా చోట్ల ఎవరివో సొంత పొలాల్లోంచి, అడవుల్లోంచి పోతాయి. భూమి యజమానులు డబ్బు తీసుకోకుండా దారి ఇస్తున్నారు. ఎవడో ఒకడు షార్ట్‌కట్ అని పొలానికి అడ్డంగా తోలాడంటే ఆ యజమాని మరుసటి ఏడు దారి ఇవ్వడు. అప్పుడు మొత్తం ట్రైలే పోతుంది. బోర్డులు పాతిన దారి వదిలి పక్కకి పోవద్దు, కోడలికీ చెప్పు.

పర్మిట్‌తో పాటు కావలసినవి ఇంకా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ సర్వీస్ ఒంటారియో అనే ప్రభుత్వ ఆఫీసులో చేయించాలి. బండికి విడిగా ఇన్సూరెన్స్ తీసుకోవాలి, ఇంటి పాలసీ చూపిస్తే ఒప్పుకోరు. ఇవి ట్రైల్ మీదే కాదు, గడ్డకట్టిన సరస్సు మీద తిరగడానికీ కావాలి. మీ ఇద్దరికీ కారు లైసెన్స్ ఉంది కాబట్టి ఆ బాధ లేదు. ట్రైల్ మీద వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. మందు తాగి స్నోమొబైల్ తోలితే కారు తోలినట్టే కేసు పెడతారు, కారు లైసెన్స్ కూడా పోతుంది. నీకు అలవాటు లేదని తెలుసు. నీ వెంట వచ్చే స్నేహితుల కోసం రాస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పర్మిట్ నిన్ను ట్రైల్ మీద వెళ్లనిస్తుంది. మీ దీవి ట్రైల్ మీద లేదు. ట్రైల్ సరస్సుని దాటే చోట క్లబ్బు వాళ్లు ఐస్ చూసి కర్రలు పాతుతారు. ఆ కర్రల వరుస వదిలి మీ రేవు వైపు తిరిగిన క్షణం నుంచి నీకు ఎవరూ దారి చూపించరు, ఐస్ ఎంత మందం ఉందో ఎవరూ చూసి పెట్టరు. ఆ కొద్ది కిలోమీటర్ల పూచీ అంతా నీదే. నా భయమంతా ఆ కొద్ది దూరం గురించే.

టెమగామి చిన్న చెరువు కాదు. పన్నెండు వందలకు పైగా దీవులున్న సరస్సు. ఒడ్డున ఇళ్లు కట్టనివ్వరు కాబట్టి కాటేజీలన్నీ దీవుల మీదే ఉంటాయి. దీవికీ దీవికీ మధ్య సన్నటి కాలవల్లాంటి చోట్లు ఎన్నో. అక్కడ అడుగున నీరు పారుతూ ఉంటుంది, పైన ఐస్ పలచగా ఉంటుంది. మంచు కప్పేస్తే పైనుంచి చూసి ఏ తేడా కనిపెట్టలేవు. రెండు గజాల అవతల అర అడుగు ఐస్ ఉండొచ్చు, ఇక్కడ రెండంగుళాలే ఉండొచ్చు. ఇంకొకటి, కొందరు రేవు చెక్కలు విరగకుండా నీళ్లలో బబ్లర్ (గాలి బుడగలు వదిలే యంత్రం) పెట్టి చుట్టూ ఐస్ కట్టకుండా చూసుకుంటారు. పక్కవాళ్ల రేవు దగ్గరగా పోవద్దు.

ఐస్ చూడ్డం నేర్చుకో. ఆగర్ అని చేత్తో తిప్పే డ్రిల్ దొరుకుతుంది, కొనుక్కో. రంధ్రం వేసేటప్పుడు పైకి వచ్చే పొడి చూడు. మొదట తెల్లగా, ఉప్పులా పొడిపొడిగా వస్తుంది. అది మంచు తడిసి గడ్డకట్టిన ఐస్. కింద గట్టి ఐస్ తగిలిందంటే డ్రిల్ శబ్దం మారుతుంది, పొడి గాజు పెంకుల్లా మెరుస్తూ వస్తుంది. అడుగు తెగగానే నీళ్లు ఎగదన్నుకుని వస్తాయి. అప్పుడు కొక్కెం ఉన్న కొలబద్ద దింపి, ఐస్ అడుగు అంచుకి తగిలించి కొలువు. తెల్లది ఎంత, నీలంగా ఉన్నది ఎంత, విడివిడిగా చూసుకో. నడిచే మనిషికి 10 సెంటీమీటర్ల గట్టి నీలి ఐస్, స్నోమొబైల్‌కి 12 నుంచి 15 అని చెబుతారు. తెల్ల ఐస్ బలం అందులో సగమే, కాబట్టి అది రెట్టింపు ఉండాలి. నా మాట అడిగితే, సామాను బండి తగిలించుకుని ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని వెళ్లే రోజున 25 సెంటీమీటర్ల నీలి ఐస్ కనబడకపోతే వెనక్కి తిరగాలి. ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు. దారి పొడుగునా కొలవాలి.

మంచు ఎక్కువ పడితే ఐస్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అందుకు వ్యతిరేకం. మంచు చలిని కిందికి పోనివ్వదు, ఐస్ మందం పెరగదు. పైగా ఆ బరువుకి ఐస్ కుంగి, పగుళ్లలోంచి నీళ్లు పైకి వచ్చి మంచు అడుగున నిలబడతాయి. దాన్నే స్లష్ అంటారు. పైకి పొడి మంచులా కనబడుతుంది, బండి అందులోకి దిగగానే బురదలో చక్రం కూరుకున్నట్టు కూరుకుపోతుంది. స్లష్ తగిలితే ఆగొద్దు. వేగం తగ్గించకుండా గట్టి చోటికి లాగించెయ్. ఆగిన చోట ట్రాక్‌కి, అంటే బండి అడుగున తిరిగే పట్టీకి, పట్టిన స్లష్ గంటలో గడ్డకట్టి బండి కదలనంటుంది. అందుకే కాటేజ్ చేరాక బండిని రెండు దుంగల మీద నిలబెట్టే అలవాటు చేసుకో.

ఛాతీ మీద ఐస్ పిక్స్ (ఐస్‌లో గుచ్చి పట్టుకునే మొనదేలిన పిడులు) వేలాడాలి, బ్యాగులో ఉంటే పనికిరావు. నీళ్ల మీద తేలే రకం సూట్ వేసుకోండి, ఖరీదైనా సరే. మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన ఒకటి, పది, ఒకటి లెక్క గుర్తుపెట్టుకో. చల్లటి నీళ్లలో పడితే మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత పది నిమిషాలు చేతులు కాళ్లు పనిచేస్తాయి, స్పృహ పోవడానికి గంట దాకా పడుతుంది. కాబట్టి గాభరా పడి మొదటి నిమిషం పాడు చేసుకోవద్దు. వచ్చిన వైపుకే తిరుగు, అటు ఐస్ నిన్ను మోసింది. చేతులు ఐస్ మీద చాపి, పిక్స్ గుచ్చి, కాళ్లు ఈత కొట్టినట్టు ఆడిస్తూ పైకి పాకు. పైకి వచ్చాక లేచి నిలబడకుండా పొర్లుకుంటూ దూరంగా జరుగు.

అమ్మమ్మ వాళ్ల ఊరు గోదావరి లంక కదా, వరద రోజులు మీ అమ్మని అడుగు. పడవ నడవదు, నడిచి వెళ్లలేరు, అందుకే ఆషాఢం ముందే ఇంట్లో అన్నీ చేర్చుకునేవాళ్లు. టెమగామిలో అలాంటి రోజులు ఏటా రెండుసార్లు వస్తాయి. సరస్సు గడ్డకట్టేటప్పుడు, మళ్లీ ఏప్రిల్లో కరిగేటప్పుడు. ఆ వారాల్లో పడవా పోదు, స్నోమొబైలూ పోదు. లోతైన పెద్ద సరస్సు కాబట్టి చిన్న చెరువులు గడ్డకట్టిన చాలా రోజులకి గానీ ఇది గడ్డకట్టదు. కాబట్టి చలికాలం పని అక్టోబరులో పడవ మీదే మొదలుపెట్టాలి. ఎండిన కట్టెలు, ప్రొపేన్ సిలిండర్లు, బియ్యం, పప్పులు, పెట్రోలు డబ్బాలు అన్నీ అప్పుడే చేర్చెయ్. పచ్చళ్లు గాజు సీసాల్లో పెట్టొద్దు, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టు. అదే ట్రిప్పులో నీళ్ల పైపులన్నీ ఖాళీ చెయ్యాలి, లేకపోతే వసంతానికి ఒక్క పైపు మిగలదు. పొగగొట్టం శుభ్రం చేయించు. కట్టెల పొయ్యికి ఇన్సూరెన్స్ కంపెనీ వెట్ తనిఖీ (పొయ్యి భద్రంగా ఉందో లేదో చూసే తనిఖీ) కాగితం అడుగుతుంది, అది ముందే తెచ్చుకో. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీలు కొత్తవి వెయ్యి. జెనరేటర్ ఎంత చలి వేసినా ఇంట్లో పెట్టకూడదు.

బండి విషయంలో షోకు కన్నా పని చూసుకో. వెడల్పాటి ట్రాక్, ఇద్దరు కూర్చునే సీటు, వెనక సామాను లాగే కొక్కెం ఉన్న యుటిలిటీ బండి నీకు సరిపోతుంది. సామాను బండిని తాడుతో కట్టొద్దు, ఇనప బార్‌తో తగిలించు. తాడైతే నువ్వు ఆగినప్పుడు అది వచ్చి వెనక గుద్దుతుంది. దాని మీద మనుషుల్ని, ముఖ్యంగా పిల్లని కూర్చోబెట్టొద్దు. ఇంజన్ ఆపే తాడు నీ జాకెట్‌కి తగిలించుకోకుండా బయల్దేరొద్దు. పడిపోతే బండి తనంతట తను ఆగుతుంది. స్పేర్ బెల్ట్, స్పార్క్ ప్లగ్గులు దగ్గర పెట్టుకో. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, శాటిలైట్ మెసెంజర్ కొనుక్కో. ఎన్నింటికి చేరతావో నాకు చెప్పి వెళ్లు. ఆ టైమ్‌కి కబురు రాకపోతే నేను పోలీసులకి ఫోన్ చేస్తాను, మొహమాటపడను.

బ్రాంప్టన్ నుంచి టెమగామి 450 కిలోమీటర్ల దాకా ఉంటుంది. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే చేరేసరికి నడిరాత్రి. ఆ అలసటలో, ఆ చీకట్లో ఐస్ ఎక్కొద్దు. నార్త్ బేలో మా ఇంట్లో పడుకుని పొద్దున్నే వెళ్లండి, హైవే 11 మీద అక్కణ్ణుంచి 100 కిలోమీటర్లే. జనవరిలో సాయంత్రం అయిదుకే పొద్దు గూకుతుంది, కాబట్టి మధ్యాహ్నం రెండు దాటితే సరస్సు దాటే ఆలోచన మానుకో. రేవు దగ్గర వదిలిన కారు మైనస్ 30లో రెండు రోజులు ఉంటే స్టార్ట్ కాకపోవచ్చు. బూస్టర్ ప్యాక్ (కారు స్టార్ట్ చేసే చిన్న బ్యాటరీ) వెంట తీసుకెళ్లు, కారులో వదలకుండా లోపలికి తీసుకెళ్లి వెచ్చగా ఉంచు.

ఆ సరస్సు మీద బేర్ ఐలాండ్‌లో టెమగామి ఫస్ట్ నేషన్ వాళ్లు, అంటే అక్కడి ఆదివాసులు, ఏడాది పొడుగునా ఉంటారు. ఏ చోట ఐస్ ఎప్పుడు కడుతుందో, ఎక్కడ కట్టదో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు. ఈ శరదృతువులోనే పరిచయం చేసుకో, మర్యాదగా అడుగు. మొదటిసారి సరస్సు దాటేటప్పుడు అక్కడివాళ్లు ఒకరు ముందు ఉండాలి, నువ్వు వాళ్ల జాడలో వెళ్లాలి. వాళ్ల టైమ్‌కి డబ్బు ఇవ్వు. క్లబ్బు మీటింగుకి కూడా ఒకసారి వెళ్లు. కాటేజ్‌కి వెళ్లేవాళ్లకి పర్మిట్ నిబంధనల్లో కొన్ని మినహాయింపులు ఉన్నాయని ఎవరో చెబుతారు. అవి నీకు వర్తిస్తాయో లేదో క్లబ్బునే అడుగు. వర్తించినా సరే, పర్మిట్ కొను. వాళ్ల దారి వాడుకుంటున్నావు కదా.

ఇక సంక్రాంతి. ఈ ఏడు పండక్కి మా ఇంటికి రండి. పెరట్లో భోగిమంట మున్సిపాలిటీ అనుమతి తీసుకుని నేనే వేస్తాను. అరిసెలు మీ అత్తయ్య చేస్తుంది. జనవరిలో నువ్వొక్కడివే, అక్కడి మనిషి వెంట, ఒక పగలు వెళ్లి చూసి రా. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే సెలవు ఉంది, మామూలుగా అప్పటికి ఐస్ బాగా గట్టిపడి ఉంటుంది, పగలు కాస్త పెరుగుతుంది. మీ అమ్మనీ పిల్లనీ అప్పుడు తీసుకెళ్లు. అది కూడా ముందు రోజు ఐస్ కొలిచి, బాగుందనిపిస్తేనే. మీ అమ్మ విజిటర్ ఇన్సూరెన్స్‌లో స్నోమొబైల్ ప్రమాదం కవర్ అవుతుందో లేదో కంపెనీని అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. చాలా పాలసీల్లో ఇలాంటివి తీసేస్తారు. ఆమెకి మోకాళ్ల నొప్పులు, వెనక సీట్లో అరగంటకి మించి కూర్చోబెట్టొద్దు.

బండి మోడల్, ఏ ఏడాదిదో, ట్రాక్ వెడల్పు ఎంతో వాట్సాప్‌లో పెట్టు. కొనే ముందు నేను కూడా వచ్చి చూస్తాను. మీ అమ్మ పాదం సైజు కూడా పంపు, ఇక్కడ బూట్లు సేల్‌లో ఉన్నాయి.

ఇట్లు
మావయ్య
నార్త్ బే