చార్టుకింత అంటే ఒప్పుకోకు చెల్లెమ్మా

హైదరాబాద్‌లో మూడేళ్లు ఇన్‌పేషెంట్ కోడింగ్ (ఆసుపత్రిలో చేరినవాళ్ల జబ్బులకు ఇన్సూరెన్స్ బిల్లు కోసం కోడ్‌లు వేసే పని) చేశానని, ఇక్కడ అమెరికాలో ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో చార్టుకింత, అంటే ఒక్కో పేషెంటు రికార్డుకి ఇంత అని డబ్బులిస్తామంటున్నారని రాశావు. నేనూ అచ్చం అలాగే మొదలుపెట్టాను.

2017, న్యూజెర్సీ. ఈఏడీ (అమెరికాలో ఉద్యోగం చేసుకునే అనుమతి) కోసం నెలల తరబడి ఎదురుచూశాక దొరికిన మొదటి ఉద్యోగం. ఎన్ని చార్టులు తేలిస్తే అంత డబ్బు. ఒక పెద్దావిడ చార్టులో డాక్టరు ‘ప్రాబబుల్ పార్కిన్సన్స్, నడుస్తుంటే తూలుతున్నారు’ అని రాశారు. నేను పార్కిన్సన్స్ కోడ్ జి20 వేసి పక్క చార్టుకి వెళ్లిపోయాను. మన అలవాటు అది. ఆసుపత్రిలో చేరిన మనిషికి డిశ్చార్జి నాటికీ ‘ప్రాబబుల్’ అనే ఉంటే, జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తాం. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకుని వెళ్లే అవుట్‌పేషెంట్‌లో అది చెల్లదు. అనుమానాన్ని వదిలేసి, కనిపించిన లక్షణాన్నే కోడ్ చేయాలి. ఆవిడకు పడాల్సింది ఆర్26.81, అంటే కాళ్ల మీద నిలకడ లేకపోవడం.

ఇన్సూరెన్స్ వాళ్లు రికార్డులు అడిగారు. నోట్స్‌లో జబ్బు ఖాయమైనట్టు ఎక్కడా లేదు. డబ్బు ఆపేశారు, బిల్లు ఆవిడ ఇంటికి వెళ్లింది. ‘మా అమ్మకి పార్కిన్సన్స్ అని ఎవరు చెప్పారు?’ అని వాళ్లబ్బాయి ఫోన్‌లో అడిగిన గొంతు నాకింకా గుర్తే. క్లెయిమ్ సరిచేయించడానికి ఏడు వారాలు పట్టింది. ఆ పనికి నాకు ఒక్క డాలరూ రాలేదు. ఆ నెల అద్దె కోసం మీ బావగారు దాచుకున్నది తీయాల్సి వచ్చింది.

ఆ భయంతో రెండో తప్పు చేశాను. ‘గెయిట్ ప్రాబ్లం’ (నడకలో ఇబ్బంది) అని కనిపిస్తే చాలు, ఆర్26.9 వేసేసేదాన్ని. అది ఏ వివరమూ లేని కోడ్. అదుపు తప్పి అడుగులు చెదిరే అటాక్సిక్ నడక అయితే 26.0, కాళ్లు బిగుసుకుపోయి నడిచే స్పాస్టిక్ నడక అయితే 26.1. ఏదన్నది డాక్టరు రాయాలి, మనం ఊహించకూడదు. రాయకపోతే క్వెరీ పంపు, అంటే డాక్టరునే రాసి అడుగు. ‘అటాక్సిక్ వేసుకోమంటారా’ అని జవాబు నోటికి అందించి మాత్రం అడగకు. పడిపోవడమూ అంతే. ఈమధ్యే పడ్డారు, కారణం వెతుకుతున్నారంటే ఆర్29.6. మునుపెప్పుడో పడ్డారు, మళ్లీ పడే ప్రమాదం ఉందంటే జెడ్91.81. థెరపిస్టు నోట్స్‌లో అంకెలున్నాయో లేదో కూడా చూడు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. మిగతా రూల్స్ కోడింగ్ గైడ్‌లైన్స్‌లో ఉంటాయి, ఏటా అక్టోబర్ 1న మారతాయి, చూసుకో. జి20 కూడా 2023లో అలాగే ఒక్క కోడ్ కాస్తా కొన్ని కోడ్‌లుగా చీలింది.

ఇవాళ నేను పన్నెండు మంది కోడర్ల పని ఆడిట్ చేస్తున్నాను. మీ తరానికి సాఫ్ట్‌వేర్ కోడ్ చూపించేస్తుంది కాబట్టి నోట్ మొత్తం చదివే ఓపిక తక్కువ. నడక చార్టు చదవడానికి టైం పడుతుంది, క్వెరీకి జవాబు రావడానికి ఇంకా పడుతుంది. చార్టుకింత లెక్కలో ఆ టైం అంతా నీ జేబులోంచే పోతుంది. కొత్తలో, ఒక జీతం మీద బతుకుతూ అది తట్టుకోలేవు.

గంటకి రెండు డాలర్లు తగ్గినా గంటల లెక్కే అడుగు. క్వెరీలకీ, వెనక్కొచ్చిన క్లెయిములకీ పెట్టే గంటలకు కూడా డబ్బిస్తామని కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టు.