మీ మంత్రసానిని ఆసుపత్రికి వెంట తీసుకువెళ్లండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తొలి కాన్పు, ఎనిమిదో నెల నడుస్తోంది, ఊరు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని అంకీసా దగ్గర. మీ అమ్మకూ పిన్నులకూ పురుడు పోసిన మంత్రసాని చేతుల్లోనే, మీ ఇంట్లోనే కనాలని మీ కోరిక. ఆశా కార్యకర్త ప్రభుత్వ ఆసుపత్రికి రమ్మంటోంది. మీ ఆయన గోదావరి వంతెన దాటి తెలంగాణ వైపు ప్రైవేటు ఆసుపత్రికి వెళ్దామంటున్నారు. ఇంట్లో కాన్పు నిజంగా అంత ప్రమాదమా అని అడిగారు.

ఆసుపత్రిలోనే కనండి. కానీ మీ మంత్రసానిని ఇంటి దగ్గర వదిలి వెళ్లకండి. రెండో మాట ఎందుకు అంటున్నానో అర్థం కావాలంటే నా రెండు కాన్పుల గురించీ, మా ఆడపడుచు కాన్పు గురించీ చెప్పాలి.

నా పుట్టిల్లు గోదావరికి అవతల, మహదేవపూర్ వైపు. మెట్టినిల్లు ఇవతల, సిరోంచ తాలూకాలో. మా అత్తయ్య మంత్రసాని. ముప్పై ఏళ్లకు పైగా చుట్టుపక్కల ఊళ్లలో పురుళ్లు పోశారు. 1990లలో ప్రభుత్వం మంత్రసానులకు శిక్షణ ఇచ్చినప్పుడు ఆమె కూడా వెళ్లి నేర్చుకున్నారు. చేతులు, పడక, బ్లేడు, బొడ్డుకు కట్టే దారం, కోసిన బొడ్డు, ఈ ఐదూ శుభ్రంగా ఉండాలని ఇప్పటికీ వేళ్లు ముడిచి లెక్కపెడతారు. బొడ్డు మీద బూడిద అద్దడం, ముర్రుపాలు పిండి పారబోయడం అంతకుముందు ఆమె కూడా చేసినవే. తప్పని తెలిశాక మానేశారు, ఊరిచేత మాన్పించారు. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది. ఆసుపత్రిలో కన్న తల్లికి డబ్బు, తీసుకువచ్చిన ఆశాకు ప్రోత్సాహకం ఇచ్చారు. మంత్రసానికి మాత్రం ఆ ఏర్పాటులో చోటు లేకపోయింది. శిక్షణలు ఆగిపోయాయి. నిన్నటిదాకా పిలిచి నేర్పినవారే ఇక చేయి పెట్టవద్దన్నారు.

నా తొలి కాన్పు 2014లో. అప్పటికి కాళేశ్వరం వంతెన ఇంకా తెరవలేదు. ఏడో నెలలో పడవ మీద గోదావరి దాటి పుట్టింటికి వెళ్లాను. నొప్పులు మొదలవగానే అమ్మ ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు తీసుకువెళ్లింది. లోపలికి నన్ను ఒక్కదాన్నే తీసుకువెళ్లారు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టారు. లేచి నాలుగు అడుగులు వేస్తానంటే కసిరారు. నొప్పులు పెరగడానికి సెలైన్‌లో మందు ఎక్కించారు. చివర్లో ఒక ఆయా మంచం పక్కన పీట ఎక్కి రెండు చేతులతో నా పొట్టను కిందికి అదిమింది. అడగకుండానే బిడ్డ బయటికి వచ్చే దారి దగ్గర కోత పెట్టారు. మత్తు సరిగా ఎక్కకముందే కుట్లు వేశారు. చేసే ముందు ఇది ఎందుకు చేస్తున్నామో ఒక్కరూ చెప్పలేదు. అమ్మ గోడ అవతల నా కేకలు వింటూ కూర్చుంది. కూర్చోవడానికి నాకు నెల రోజులు పట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు గదుల గురించి ఇచ్చిన సూచనలు తర్వాత చదివాను. అందరికీ అలవాటుగా కోత పెట్టకూడదు, పొట్టను అదమకూడదు, నడవనివ్వాలి, తల్లికి వీలైన భంగిమలో కననివ్వాలి, ఆమె కోరిన తోడును పక్కన ఉండనివ్వాలి అని అందులో ఉంది. నాకు జరిగినదంతా దానికి సరిగ్గా వ్యతిరేకం. మా అత్తయ్య గర్భిణిని ఇంటి చుట్టూ నడిపిస్తారు, దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చోనిస్తారు, నడుము రాస్తూ ఏ నొప్పికి ఏమవుతుందో చెబుతూ ఉంటారు. మీరు ఇంట్లో కనాలనుకోవడం వెనుక ఉన్న భయం నాకు బాగా తెలుసు. అందుకే రెండో కాన్పు అత్తయ్య దగ్గరే అని పట్టుపట్టాను.

2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. నాకు నొప్పులు వచ్చింది ఆ వారంలోనే. ఆసుపత్రికి వెళ్లాలన్నా దారి లేని రాత్రి. కాన్పు మాత్రం ఎంత సుఖంగా జరిగిందో చెప్పలేను. కోత లేదు, కసురు లేదు. పాప పుట్టగానే నా రొమ్ము మీద వేశారు. అరగంటకు మాయ పడింది. అత్తయ్య దాన్ని దీపం దగ్గరకు తీసుకువెళ్లి తిప్పి చూసి, ఒక అంచున తెగినట్టుందని అన్నారు. ఆ తర్వాత రక్తం ఆగలేదు. పొట్ట మర్దన చేశారు, పాపను పాలకు పెట్టించారు, నాలుగో గుడ్డ కూడా తడిసేసరికి లేచి నిలబడి, "ఇది నా చేతులు దాటింది, ట్రాక్టర్ తీయండి" అన్నారు. నా భర్త, మరుదులు నీళ్లలోనే ట్రాక్టర్ నడిపి రోడ్డు దాకా చేర్చారు. అక్కడి నుంచి అంబులెన్స్.

కాన్పు తర్వాత రక్తం పోతే ప్రాణం పోవడానికి రెండు గంటలు చాలు. దాన్ని ఆపడానికి బిడ్డ పుట్టిన నిమిషంలోపే తల్లికి ఇవ్వాల్సిన ఆక్సిటోసిన్ సూది మందు మా ఇంట్లో లేదు. ఎక్కించడానికి రక్తం లేదు. ఎంత అనుభవం ఉన్న చేతులైనా రక్తాన్ని తయారు చేయలేవు. రక్తస్రావం అయ్యే వారిలో చాలామందికి ముందుగా ఏ లక్షణమూ ఉండదు. నాకూ లేదు. ఇంట్లో కనవద్దని మీకు చెప్పడానికి నా కారణం ఇదే.

ఆసుపత్రిలో నా ప్రాణం నిలబెట్టారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ డాక్టరుకు నేను ఋణపడి ఉన్నాను. కానీ అక్కడే జరిగిన మరొక సంగతి నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. అత్తయ్య ఆ మాయను ఒక గిన్నెలో పెట్టి, గుడ్డ కప్పి, ఒడిలో పెట్టుకుని వచ్చారు. డాక్టరుకు చూపించడానికి. నర్సు దాని వైపు చూడనైనా చూడకుండా, "ఈ కాన్పు చేసింది ఎవరు? పోలీసులకు చెప్పాలి" అని అరిచి, గిన్నె బయట పారవేయమంది. అత్తయ్య తడిసిన చీరతో వరండాలో నిలబడి, ఒక ముక్క లోపల ఉండిపోయిందని వచ్చినవారికల్లా చెబుతూనే ఉన్నారు. నాలుగు గంటల తర్వాత డాక్టరు పరీక్ష చేసి ఆ ముక్కను తీశాక రక్తం ఆగింది. ఆ నాలుగు గంటలు నేను కోల్పోయిన రక్తానికి కారణం ఇంటి కాన్పు ఒక్కటే కాదు.

ఆ రోజు తర్వాత అత్తయ్య ఎవరింటికీ పురుటికి వెళ్లలేదు.

మంత్రసాని, వైద్య శిక్షణ పొందినవారు కలిసి పనిచేయగలరని చెప్పడానికి ఎక్కడికో వెళ్లనక్కరలేదు. మన గడ్చిరోలి జిల్లాలోనే అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ 39 గ్రామాల్లో, ఇంటి కాన్పుల దగ్గర మంత్రసాని పక్కన శిక్షణ పొందిన గ్రామ ఆరోగ్య కార్యకర్తను ఉంచి పసిబిడ్డలను చూసుకుంది. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మీ బిడ్డ పుట్టాక ఆశా కార్యకర్త 42 రోజుల లోపు ఆరుసార్లు ఇంటికి రావాలన్న నియమానికి మూలం ఆ పనే. ఊరి ఆడవారి చేతులను నమ్మి నేర్పినందువల్ల వచ్చిన ఫలితం అది. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు 18 నెలల శిక్షణ ఇచ్చి మిడ్‌వైఫ్‌లను తయారు చేస్తున్నారు. అది మంచి పనే. అయితే ఊళ్లలో మిగిలిన మంత్రసానులను కాన్పు గదుల్లోకి ఎవరు పిలుస్తారన్నది నా బాధ.

మీ ఆయన మాట గురించి. అవతల ప్రైవేటులో మంచి డాక్టర్లు లేరని అనను. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం పెద్ద ఆపరేషన్లే. ప్రైవేటులో అయితే 81.5 శాతం. మన మహారాష్ట్రలో 25.4. అవసరమైన ఆపరేషన్ ప్రాణం పోస్తుంది, అవసరం లేనిది వచ్చే కాన్పుకు కూడా ముప్పు తెస్తుంది. వెళ్లే పనైతే ఆపరేషన్ ఏ పరిస్థితిలో చేస్తారో ముందే అడగండి.

ఈ నెలలో మీరు చేయాల్సినవి ఉన్నాయి. హిమోగ్లోబిన్ ఎంత ఉందో, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు పరీక్ష అయిందో లేదో చూసుకోండి, మన జిల్లాలో రెండూ ముఖ్యం. జ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించుకోకుండా ఉండవద్దు. మీ రక్తం గ్రూపు ఉన్నవారిని ఇద్దరిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. జిల్లా కేంద్రం మనకు సుమారు 200 కిలోమీటర్లు, కాబట్టి అక్కడికి పంపే అవసరం ఉందా అని తొమ్మిదో నెల రాకముందే డాక్టరును అడగండి. తేదీకి వారం ముందే ఆసుపత్రికి దగ్గరగా ఉన్న చుట్టాలింటికి చేరండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం, రానుపోను వాహనం అన్నీ ఉచితం, 2011 నుంచి ఉన్న హక్కు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తం కనిపించడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది వచ్చినా రాత్రి అని ఆగవద్దు. నొప్పులు త్వరగా రావడానికని ఆర్‌ఎంపీ వేసే సూది మందును మాత్రం ఎంతమాత్రం ఒప్పుకోవద్దు, గర్భసంచి చిట్లిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో పుడితే జనన ధ్రువపత్రం ఇవ్వరని ఎవరైనా బెదిరిస్తే నమ్మవద్దు, 21 రోజుల లోపు ఇంటివారు తెలిపితే నమోదు చేస్తారు. ఆసుపత్రికి వెళ్లడానికి కారణం బెదిరింపు కాకూడదు.

ఇక తోడు సంగతి. కాన్పు గదిలో తల్లి పక్కన ఆమె కోరిన ఆడమనిషి ఉండవచ్చని కేంద్ర ప్రభుత్వమే చెబుతోంది. కాన్పు గదులను మెరుగుపరచడానికి 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమంలో అది భాగం. కిందటి ఏడాది మా ఆడపడుచు కాన్పుకు నేను పది రోజుల ముందే వెళ్లి నర్సుతో మాట్లాడాను. అత్తయ్య చేయి పెట్టరు, మందు ఇవ్వరు, నడుము రాస్తారు, మాట చెబుతారు అన్నాను. ఆ నర్సు ఒప్పుకున్నారు. ఒప్పించడం అత్తయ్యనే కష్టమైంది. వరండా గుర్తొస్తోందని రెండు రోజులు రానన్నారు. కూతురు ఏడిస్తే వచ్చారు. రాత్రంతా అమ్మాయిని నడిపించారు. తెల్లవారుజామున బాబు పుట్టాడు, కోత లేదు. నర్సు సూది మందు ఇచ్చి, మాయను పళ్లెంలో పెట్టి దీపం కింద చూసి, పళ్లెం అత్తయ్య వైపు తిప్పి, "అమ్మా, మొత్తం వచ్చిందా, మీరూ ఒకసారి చూడండి" అని అడిగారు. అత్తయ్య కళ్లద్దాలు తుడుచుకుని, అంచు చుట్టూ వేలితో చూపిస్తూ నెమ్మదిగా చూసి, వచ్చిందమ్మా అన్నారు.