గల్ప్‌లో వెండర్ ఫైళ్లు మినిఫై కాకూడదు, కానీ డిస్ట్‌లోకి రావాలి

ప్రశ్న: సోర్స్ ఫోల్డర్‌లో ఉన్న జావాస్క్రిప్ట్ అంతా గల్ప్‌తో (బిల్డ్ పనులు వాటంతటవే చేసే టూల్) మినిఫై చేస్తున్నాను, అంటే ఖాళీలూ అవీ తీసి సైజు తగ్గిస్తున్నాను. బయటివాళ్ల లైబ్రరీలున్న వెండర్ ఫోల్డర్‌ని వదిలెయ్యమని ఎస్ఆర్‌సీలో (ఏ ఫైళ్లు తీసుకోవాలో గల్ప్‌కి చెప్పే చోటు) ఆశ్చర్యార్థకంతో (!) ప్యాటర్న్ రాస్తే ఆ ఫైళ్లు తయారైనవి చేరే డిస్ట్‌ ఫోల్డర్‌లోకే రావట్లేదు. ఎలా?

జవాబు:

ఆశ్చర్యార్థకం దాని పని అది సరిగ్గానే చేసింది. ఎస్ఆర్‌సీలో వద్దన్న ఫైలు పైప్‌లైన్ మొహమే చూడదు, ఇక డిస్ట్‌కి ఎక్కణ్ణుంచి వస్తుంది? మీకు కావాల్సింది ఫైలును తీసెయ్యడం కాదు. మినిఫై దగ్గర మాత్రం దాన్ని పక్కన ఉంచి, అది దాటాక మళ్లీ వరసలో కలపాలి. దానికి గల్ప్-ఫిల్టర్ అనే ప్లగిన్ ఉంది.

నాకూ దెబ్బ తగిలాకే తెలిసింది లెండి. ఒంగోల్లో ఇంట్లో కూర్చునే పని చేస్తాను. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి ఒకాయనకి సైట్ చేశా. పలకల ఫొటోలు జూమ్ చేసి చూపించే లైబ్రరీ వెండర్‌లో ఉంది. మీలాగే ఆశ్చర్యార్థకం పెట్టా. నా మెషీన్‌లో అంతా బాగానే ఉంది, ఎందుకంటే డిస్ట్‌లో పాత బిల్డ్ తాలూకు ఫైళ్లు అలాగే పడున్నాయి. సర్వర్ మీద పెట్టేసరికి జూమ్ మాయం. “ఏం బాబూ, చుక్కలు కనపడకపోతే మా రాయి ఎవరు కొంటారు?” అని ఆయన ఫోన్. నల్లరాయి మీద బంగారు చుక్కలే కదా బ్లాక్ గెలాక్సీ అంటే! అప్పట్నుంచి డిస్ట్ ఖాళీ చేయకుండా చేసిన ఏ బిల్డునూ నమ్మను.

ఇక ఫిల్టర్ సంగతి. మా మామయ్యకి కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులున్నాయి. చెరువు పట్టిన రోజు చిన్న కౌంట్, పెద్ద కౌంట్ వేరు చేసి, కొన్ని ట్రేలు పక్కన పెడతారు. పక్కన పెట్టినవి కూడా చివరికి లారీ ఎక్కాల్సిందే. ఫిల్టర్‌లో ఆ ఎక్కించే పనే రిస్టోర్.

ముందు ఫిల్టర్‌ని ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి, ఆప్షన్‌గా ‘రిస్టోర్: ట్రూ’ ఇవ్వండి. పైపుల వరస ఇది: ఎస్ఆర్‌సీ, ఫిల్టర్, మినిఫై, ఫిల్టర్ డాట్ రిస్టోర్, డెస్ట్ (ఫైళ్లని డిస్ట్‌లో రాసేది). ఎస్ఆర్‌సీలో మీరు పెట్టిన ఆశ్చర్యార్థకం తీసేసి ఫిల్టర్‌లోకి మార్చండి. ప్యాటర్న్ ఇలా ఉంటుంది (మీ ఫైల్లో ఇంగ్లిష్‌లోనే రాసుకోండి):

['**', '!సోర్స్/వెండర్/**']

ముందున్న రెండు నక్షత్రం గుర్తుల్ని (**, అంటే అన్ని ఫైళ్లూ) అనవసరం అనుకుని తీసెయ్యకండి. ఒక్క ‘వద్దు’ ప్యాటర్న్ మాత్రమే ఇస్తే దానికి ఏ ఫైలూ దొరకదు. అలాగే ‘వెండర్’ అని ఊరికే రాస్తే పని చేయదు. మీరు గల్ప్ నడిపే ఫోల్డర్ నుంచి దారి మొత్తం చూస్తుంది కాబట్టి సోర్స్‌తో మొదలుపెట్టాలి. విండోస్ వాడుతున్నా ముందుకు వాలిన గీతే (/) పెట్టండి. గ్లాబ్‌లో, అంటే ఇలాంటి ప్యాటర్న్‌లో, వెనక్కి వాలిన గీతకి (\) వేరే అర్థం ఉంది, విండోస్‌లో పాత్ డాట్ జాయిన్ ఆ గీతే పెడుతుంది కాబట్టి దాంతో ప్యాటర్న్ కడితే అక్కడే చిక్కు.

రిస్టోర్ తర్వాత బ్రాకెట్లు పెట్టకండి. పాత సలహాల్లో దాన్ని ఫంక్షన్‌లా పిలిచినట్టు కనపడుతుంది, వెర్షన్ 3 నుంచి అది ప్రాపర్టీ అయింది.

అందరూ బోల్తా పడేది ఇంకోచోట. రిస్టోర్: ట్రూ ఇచ్చి, దాన్ని పైప్ చేయడం మరిచిపోతారు. పక్కన పెట్టినవి నాలుగైదే అయితే ఆ ఫైళ్లు రావు, అంతే. ఎక్కువైతే మాత్రం బిల్డ్ కదలకుండా నిలిచిపోతుంది. గల్ప్ నడిచే నోడ్‌లో ఫైళ్లని వరసగా పంపే ఆబ్జెక్ట్ స్ట్రీమ్ మామూలుగా 16 వస్తువుల దాకా పట్టుకుంటుంది, తీసుకునేవాళ్లు లేకపోతే వెనక వాళ్లని ఆగమంటుంది. ఖాళీ ట్రేలు అయిపోతే కాటా దగ్గర పని ఆగినట్టే. పైగా గల్ప్ 4లో ‘టాస్క్ పూర్తయిందని చెప్పడం మరిచారా’ అన్న అర్థం వచ్చే మెసేజ్ చూపిస్తుంది. అది చూసి టాస్క్‌లో స్ట్రీమ్‌ని రిటర్న్ చేయడం మర్చిపోయానేమో అని నేనొక మధ్యాహ్నమంతా వెతుక్కున్నా. రిటర్న్ సరిగ్గానే ఉంది!

దాటించాల్సింది ఒక్క మినిఫై ప్లగిన్ మాత్రమే అయితే గల్ప్-ఇఫ్ (షరతు కుదిరిన ఫైళ్లకే ప్లగిన్ నడిపేది) వాడినా సరిపోతుంది, నాకైతే అదే తేలిక. మధ్యలో రెండు మూడు మెట్లుంటే ఫిల్టర్ మంచిది. రిస్టోర్ తర్వాత అన్నీ కలిపి ఒకే ఫైలు చేసే ఉద్దేశం ఉంటే జాగ్రత్త. తిరిగి కలిసిన ఫైళ్లు మీరనుకున్న వరసలోనే వస్తాయన్న హామీ లేదు.

ఇదే పైప్‌లైన్‌లో ఫొటోలు కూడా పంపుతూ గల్ప్ 5కి మారితే ఎస్ఆర్‌సీలో ‘ఎన్‌కోడింగ్: ఫాల్స్’ ఇవ్వండి. లేకపోతే వాటిని యూటీఎఫ్-8 టెక్స్ట్‌గా చదివి పాడుచేస్తుంది. ఫైలు ఉన్నట్టే కనపడుతుంది, తెరిస్తే బొమ్మ రాదు. మా గ్రానైట్ ఆయన రెండో ఫోన్ దాని గురించే.

ఇవన్నీ సరిచూశాక కూడా వెండర్ ఫైళ్లు మినిఫై అవుతుంటే, మినిఫైకి ముందు ఫైల్ డాట్ పాత్‌ని కన్సోల్‌లో ప్రింట్ చేసి, ఒక్క లైన్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.